డయాలిసిస్ వల్ల కళ్ళు పోతాయా?

(కామాఠిపురాలో మిల్లు కార్మిక కుటుంబాల ఆరోగ్య సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మన సభ అంటే బకాయి గ్రాట్యుటీ గురించో, ప్రావిడెంట్ ఫండ్ గురించో, మిల్లు కార్మికుల ఇళ్ళ లాటరీ గురించో అని అందరూ అనుకుంటారు. ఈసారి కిడ్నీల గురించి, కళ్ళ గురించి మాట్లాడుకుందామని పిలిచాము. ఇది డాక్టర్ల పని గదా, యూనియన్‌కు ఏం సంబంధం అని కొందరు మిత్రులు అడిగారు. సంబంధం ఉన్నది. సాంచాల ముందు నిలబడి బతికినవాళ్ళం మనం. తెగిన పోగును చూపుతో పట్టి, చేత్తో ముడి వేసి పిల్లల్ని పెంచినవాళ్ళం. ఆ కళ్ళూ చేతులూ తప్ప మన దగ్గర వేరే ఆస్తి ఏనాడూ లేదు.

ఇప్పుడు ఈ కామాఠిపురా గల్లీల్లో, వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి, నాయగావ్ చాల్‌లలో ఒక మాట తిరుగుతున్నది. "డయాలిసిస్ మీద పడితే కళ్ళు పోతాయి" అని. నల్లా దగ్గర ఒకరంటారు, భజన దగ్గర ఇంకొకరంటారు, అక్కడినుంచి ఫోనులో ఊరికి కూడా పోతుంది. ఈ మాటకు భయపడి, డాక్టరు డయాలిసిస్ కావాలని చెప్పినా వాయిదాలు వేస్తున్నవాళ్ళున్నారు. మొదలుపెట్టి మధ్యలో మానినవాళ్ళున్నారు. అందుకే ఈ సభ.

జవాబు ముందే చెబుతున్నాము. ఆ మాటలో నిజం పిసరంత, అపోహ పుట్టెడు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళలో చూపు తగ్గినవాళ్ళు చాలామంది ఉన్న మాట వాస్తవం. కాని ఎక్కువమందిలో ఆ చూపును తీసుకుపోయింది యంత్రం కాదు. కిడ్నీలను తిన్న షుగరు, బీపీలే కళ్ళను కూడా తిన్నాయి. దొంగ ఒక్కడే, రెండిళ్ళు దోచాడు. మనం ఆ దొంగను వదిలేసి, మొదటి ఇంటికి కాపలా వచ్చినవాడి చొక్కా పట్టుకుంటున్నాము.

మన సభ్యుడొకాయన సంగతి చెబుతాము. పేరు చెప్పము. సంగతి మాత్రం నలుగురికీ చెప్పండి అని ఆయనే అన్నాడు. వైండింగ్ ఖాతాలో పని చేసినాయన. మిల్లు మూతపడ్డాక వాచ్‌మన్ పని చేశాడు. షుగరు తేలి పదిహేనేళ్ళు. గోళీ దొరికిన రోజు వేసుకున్నాడు, లేని రోజు లేదు. కాళ్ళు వాచి, అన్నం సయించక, ఆయాసంతో ఆసుపత్రికి పోతే రెండు కిడ్నీలూ పని చేయడం లేదన్నారు. డయాలిసిస్ మొదలైంది. మూడో నెలలో ఒక పొద్దున లేచేసరికి కుడి కంటి ముందు నల్లటి దారాలు వేలాడినట్టయింది. మధ్యాహ్నానికి మసి కమ్మినట్టయింది. ఇంట్లోవాళ్ళు యంత్రమే చేసిందన్నారు. ఆయన రెండుసార్లు డయాలిసిస్‌కు పోలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక, అర్ధరాత్రి చాల్ కుర్రవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తుల చెక్క మెట్లు దింపారు. ప్రాణం దక్కింది.

తర్వాత కళ్ళ డాక్టరు చూసి చెప్పింది ఇది: రెటీనా మీద మొలిచిన పిచ్చి రక్తనాళం చిట్లి నెత్తురు పడింది, అది ఏళ్ళ తరబడి షుగరు చేసిన పని, ఎడమ కంట్లో కూడా అదే తయారవుతున్నది. ఎడమ కంటికి లేజర్ పెట్టారు. ఈ రోజు ఆయన ఆ కంటితోనే పేపరు చదువుతున్నాడు. కుడి కన్ను పూర్తిగా రాలేదు. షుగరు తేలిన పదిహేనేళ్ళలో ఒక్కసారైనా ఆయన కంటి లోపల ఎవరూ చూడలేదు. చూపించుకొమ్మని ఎవరూ చెప్పనూలేదు. మనకు కోపం రావలసింది ఇక్కడ.

కిడ్నీకీ కంటికీ చుట్టరికం ఏమిటో కొంచెం నిదానంగా చూద్దాం. ఒక్కొక్క కిడ్నీలో దాదాపు 10 లక్షల జల్లెళ్ళు ఉంటాయి. అతి సన్నని రక్తనాళాల ఉండలు అవి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల నీరు వడగట్టి, అందులో అంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా వదులుతాయి. కంటి వెనుక గోడకు అంటుకుని ఉండే రెటీనా అనే పొర కూడా ఇటువంటి సన్నని నాళాల మీదనే బతుకుతుంది. పాత కెమెరాలో ఫిల్ము ఎలాగో కంట్లో రెటీనా అలాగు. ఎదుట ఉన్న అద్దం ఎంత బాగున్నా ఫిల్ము చెడితే బొమ్మ పడదు.

సైజింగ్ సరిగ్గా పట్టని పడుగు సంగతి మనకు తెలియనిదా? బీము మీద చూడటానికి బాగానే ఉంటుంది. సాంచా ఎక్కాక ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే సన్నని నాళాల గోడలు అలాగే తయారవుతాయి. కిడ్నీలో ఆ గోడలు చెడితే మూత్రంలో ప్రొటీను కారిపోతుంది, మూత్రం నురుగు కడుతుంది. కంట్లో చెడితే రెటీనా వాస్తుంది, నెత్తురు చుక్కలు పడతాయి. నెత్తురు అందని చోట కొత్త నాళాలు మొలుస్తాయి, అవి గట్టివి కావు గనుక చిట్లుతాయి. బీపీ తోడైతే పగిలిన పైపులో పంపు జోరు పెంచినట్టే. నొప్పి ఉండదు. చూపు కూడా చాలా కాలం బాగానే ఉంటుంది. మసక మొదలయ్యేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది.

శరీరంలో రక్తనాళాలను కోయకుండా, డాక్టరు తన కంటితో నేరుగా చూడగలిగిన చోటు రెటీనా ఒక్కటే. అందుకే షుగరు రోగి కంటి లోపల పరీక్ష చేస్తే కిడ్నీల మీద కూడా అనుమానం ముందే వస్తుంది. మూత్రంలో ప్రొటీను కనబడితే కళ్ళు చూపించుకోవాలి, కంట్లో నెత్తురు చుక్కలు కనబడితే మూత్రం, క్రియాటినిన్ చూపించుకోవాలి.

ఇంకా నమ్మకం కుదరనివాళ్ళకు మన తెలుగు నేల మీదనే ఒక ఉదాహరణ ఉన్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ. అక్కడ దశాబ్దాలుగా రైతులకూ కూలీలకూ కిడ్నీలు పోతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించవలసి వచ్చిందంటే ఎంత బాధో ఊహించుకోండి. అక్కడ చాలామందికి షుగరు లేకుండానే కిడ్నీలు చెడ్డాయి. వాళ్ళూ డయాలిసిస్ యంత్రం మీదనే పడుకుంటారు, అదే సూది, అదే గొట్టం. కాని షుగరు లేనివాళ్ళ రెటీనా మీద షుగరు చేసే గాయాలు ఉండవు. యంత్రమే కళ్ళను తినేదైతే ఈ తేడా ఉండకూడదు గదా.

ఇక యంత్రం సంగతి. దాన్ని చూస్తేనే గుండె జారుతుందనేవాళ్ళకు దాని పుట్టుక చెబుతాము. 1943లో, హాలండ్ దేశం జర్మన్ సైన్యం కింద ఉన్న రోజుల్లో, విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక చెక్క పీపాకు చుట్టి, ఆ పీపాను ఉప్పునీళ్ళ తొట్టిలో తిప్పాడు. గొట్టంలో రోగి రక్తం, బయట ఉప్పునీరు. మలినాలు నీళ్ళలోకి దిగాయి. బీముకు పడుగు చుట్టినవాళ్ళకు ఆ బొమ్మ కొత్త కాదు. ఈనాటి ఫిల్టరు మూరెడు గొట్టమే, లోపల వేల కొద్దీ బోలు పోగులు ఉంటాయి. చూస్తే తెల్లటి నూలు చిలపలాగా ఉంటుంది. ఆ పోగుల్లోంచి రక్తం పోతుంది. మనం జీవితమంతా పోగుల మీద బతికాం, ఇప్పుడు కొందరి ప్రాణం కూడా పోగుల మీదనే నిలిచింది.

ఇప్పుడు ఆ పిసరంత నిజం చెప్పాలి. దాచిపెడితే రేపు మా మాట ఎవరూ నమ్మరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది డయాలిసిస్ సమయంలో బీపీ పడిపోవడం. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. రెండు మూడు రోజులుగా ఒంట్లో చేరిన నీటిని ఆ నాలుగు గంటల్లో తీయాలి. ఎక్కువ నీరు చేరితే ఎక్కువ తీయాలి, ఎక్కువ తీస్తే బీపీ పడిపోతుంది. బీపీ బాగా పడితే కంటి నరానికి నెత్తురు అందదు. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అప్పుడు కంటి నరం దెబ్బ తింటుంది. నొప్పి లేకుండా, ఉన్నట్టుండి, తరచుగా పొద్దున లేవగానే ఒక కన్ను సగం చీకటయిందని తెలుస్తుంది. ఇది అరుదు. కాని వచ్చిందంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు, అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. రెండో కన్నును కాపాడుకోవడం కూడా అందులో ఉంటుంది.

దీనికి విరుగుడు డయాలిసిస్ మానడం కాదు. రెండు విడతల మధ్య నీరు అదుపులో పెట్టడం. ఎవరికి ఎంత నీరు అన్నది డాక్టరు లెక్క, పక్కింటివాడి లెక్క కాదు. నీళ్ళు అంటే చాయ్, మజ్జిగ, చారు, అంబలి అన్నీ లెక్కే. ఉప్పు తగ్గిస్తే దాహం దానంతట అదే తగ్గుతుంది. పచ్చడి లేనిదే ముద్ద దిగదనే మన సంగతి మాకు తెలియనిది కాదు, అయినా చెప్పక తప్పదు. కంటికి చలవ అని కొబ్బరినీళ్ళు పట్టించే ప్రేమ గల అత్తమ్మలకు ప్రత్యేకంగా విజ్ఞప్తి చేస్తున్నాము. డయాలిసిస్ రోగికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం గుండెను ఆపగలదు. డయాలిసిస్ రోజు పొద్దున బీపీ గోళీ వేసుకోవాలా, తర్వాత వేసుకోవాలా అన్నది కూడా డాక్టరును అడిగి తెలుసుకోండి. సొంతంగా మానకండి.

ఇక యంత్రంలో రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్ అనే మందు ఇస్తారు. దానివల్లనే కంట్లో నెత్తురు పడుతుందని చాలామంది భయం. జరిగిన పరిశీలనల్లో అది రుజువు కాలేదు. నెత్తురు పడేది అంతకుముందే రెటీనా మీద మొలిచిన బలహీనమైన నాళాల నుంచి. అయినా కంట్లో కొత్తగా నెత్తురు పడినప్పుడు, కంటికి ఆపరేషన్ అయినప్పుడు డయాలిసిస్ సిస్టరుకు, డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మందు మోతాదు తగ్గించడమో, లేకుండా నడపడమో వాళ్ళు చూసుకుంటారు.

కొందరికి డయాలిసిస్ జరుగుతుండగా కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కన్ను నొప్పి, ఆ వైపు తలనొప్పి, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు, ఇవి ఉంటే ఊరుకోవద్దు, అక్కడే చెప్పాలి. నీటికాసులు కావచ్చు. మరాఠీ డాక్టరు "కాచబిందు" అంటే ఇదే, "మోతిబిందు" అంటే శుక్లం. రెండిటినీ కలిపేయకండి. శుక్లం ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది, నీటికాసుల్లో పోయిన చూపు రాదు. శుక్లాలు కూడా కిడ్నీ రోగులకు కొంత తొందరగా వస్తాయి, దానికి భయపడవలసింది లేదు. మొదటి ఒకటి రెండు డయాలిసిస్‌లలో తలనొప్పి, మసక, వాంతి ఉండవచ్చు. అందుకే మొదట్లో తక్కువ సేపే నడుపుతారు. డయాలిసిస్ అయిన కొన్ని గంటలు చూపు అటూ ఇటూ కావడం కూడా మామూలే. కళ్ళజోడు నంబరు ఆ రోజు తీయించుకోవద్దు. డబ్బు దండగ, నాలుగు రోజుల తర్వాత ఆ జోడు సరిపోదు.

కళ్ళు ఎర్రబడి, ఇసుక పోసినట్టు గరగరలాడటం ఇంకొక బాధ. కన్నీళ్ళు తగ్గి కన్ను ఆరిపోవడం ఒక కారణం. రక్తంలో ఫాస్ఫరస్, కాల్షియం పెరిగి కంటి తెల్లగుడ్డు మీద, నల్లగుడ్డు అంచున సున్నంలాగా పేరుకోవడం రెండో కారణం. భోజనంతో పాటు వేసుకొమ్మని ఇచ్చే ఫాస్ఫరస్ గోళీలు చాలామంది ఖరీదని మానేస్తారు. ఆ గోళీలు ఎముకలకే కాదు, కళ్ళకు కూడా అవసరం. తేనె, నాటు పసర్లు, చనుబాలు కంట్లో పోయడం దయచేసి ఆపండి. నందివర్ధనం పూలు మూసిన కళ్ళ మీద పెట్టుకుంటే పెట్టుకోండి, లోపల మాత్రం ఏదీ పిండవద్దు.

డయాలిసిస్ కంటికి మేలు కూడా చేస్తుంది, ఆ మాట ఎవరూ చెప్పరు. ఒంట్లో విషం పేరుకుపోయి చూపు మూసుకుపోయినవాళ్ళకు డయాలిసిస్ తర్వాత చూపు తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి. నీరు చేరి రెటీనా వాచినప్పుడు ఆ నీరు తీస్తే కొందరికి వాపు దిగుతుంది.

ఇక ఏం చేయాలి? షుగరు తేలిన సంవత్సరమే ఒకసారి, ఆ తర్వాత ప్రతి సంవత్సరం, చుక్కల మందు వేసి కంటి పాప పెద్దది చేసి రెటీనా చూడాలి. గోడ మీద అక్షరాలు చదివించి పంపితే అది రెటీనా పరీక్ష కాదు. డయాలిసిస్ మొదలవుతున్నవాళ్ళు ఆ నెలలోనే చూపించుకోవాలి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగా, వెలుగు భరించలేనట్టుగా ఉంటుంది, ఒక్కరే రోడ్డు దాటవద్దు, తోడు తీసుకుపొండి. డయాలిసిస్ లేని రోజు పొండి. కామాఠిపురావాళ్ళకు ఒకవైపు నాయర్, ఇంకోవైపు జె.జె., పరేల్ వైపువాళ్ళకు కె.ఇ.ఎం. ఉన్నాయి. మూడింటిలోనూ కళ్ళ విభాగం ఉన్నది. సిస్టరుకు మన తెలుగు అర్థం కాకపోతే "మలా అంధుక్ దిసతే" అనండి. నాకు మసకగా కనబడుతున్నదని అర్థం.

కళ్ళ డాక్టరు దగ్గర కూర్చోగానే మొదటి మాట "నేను డయాలిసిస్ మీద ఉన్నాను" అని చెప్పాలి. ఎందుకంటే నీటికాసులకు ఇచ్చే డయామాక్స్ అనే గోళీ కిడ్నీ లేనివాళ్ళ ఒంట్లో పేరుకుని మతి తప్పిస్తుంది. రెటీనా ఫోటో తీసే ముందు చేతికి రంగు మందు ఎక్కిస్తారు. ఫిస్టులా ఉన్న చేతికి సూది పొడవనీయకండి, బీపీ పట్టీ కూడా కట్టనీయకండి. ఆ చెయ్యి మీ ప్రాణం.

పొట్టలో గొట్టం పెట్టి ఇంట్లోనే చేసుకునే డయాలిసిస్ కూడా ఉన్నది. కాని పది అడుగుల ఖోలీలో, సంచి మార్చేటప్పుడు గొట్టం మూతి సరిగ్గా కనబడనివాళ్ళకు అది కష్టం, చూపున్న ఇంటిమనిషి తోడుండాలి.

ఇన్ని చెప్పాక మన తప్పే అంతా అన్నట్టుండకూడదు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె నాటికి రెండున్నర లక్షల దాకా కార్మికులున్న పరిశ్రమ ఇది. తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పని పోతే జీతమే పోయిందనుకున్నాము. ఇ.ఎస్.ఐ. చీటీ కూడా పోయింది, దానితో పాటు నెలనెలా బీపీ చూసే చెయ్యి పోయింది. వాచ్‌మన్ పనికి, గాలాలో కుట్టుపనికి, భివండీ సాంచాలకు పోయినవాళ్ళకు షుగరు ఉన్నదని తెలిసేసరికే పదేళ్ళు గడిచాయి. ఈ రోజు డయాలిసిస్ పడకల మీద మనవాళ్ళు ఇంతమంది ఎందుకున్నారంటే ఆ లెక్క కూడా రాయాలి.

ఉన్న హక్కులు వదులుకోవద్దు. కనీసం 5 సంవత్సరాలు ఇ.ఎస్.ఐ. కట్టి రిటైరైనవాళ్ళకు, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్ళకు సంవత్సరానికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఇ.ఎస్.ఐ. వైద్యం ఉంటుంది. మనలో చాలామందికి ఈ సంగతే తెలియదు. ఇ.ఎస్.ఐ. లేనివాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వ పథకం ఉన్నది, 2012లో మొదలై 2017 నుంచి మహాత్మా జ్యోతిరావ్ ఫులే పేరుతో నడుస్తున్నది, అందులో డయాలిసిస్ ఉన్నది. 1873లో ఫులే గారు సత్యశోధక్ సమాజం పెడితే ఈ బొంబాయి కామాఠీ తెలుగువాళ్ళు ఆయనకు అండగా నిలిచారు. ఆయన పేరు మీది కార్డు తీసుకోవడానికి మనం మొహమాట పడవలసిన పని లేదు.

ఒక డయాలిసిస్ కేంద్రంలో చూపు మసకగా ఉన్నదని మనవాడు చెబితే "కళ్ళ డాక్టరును అడుగు" అన్నారు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోతే "కిడ్నీ డాక్టరు చీటీ తే" అన్నారు. చీటీ కోసం మూడు వారాలు తిరిగాడు. ఇది ఒక్క చోటి సంగతి కాదు. కాబట్టి యూనియన్ తరఫున మన డిమాండు ఒక్కటే: డయాలిసిస్ రోగి ఫైలులో రక్త పరీక్ష కాగితం ఎలా ఉంటుందో, సంవత్సరానికొకసారి రెటీనా పరీక్ష కాగితం అలాగే ఉండాలి, ఆ తారీఖు డయాలిసిస్ కేంద్రమే ఇప్పించాలి. వినతిపత్రం తయారైంది. సంతకాలకు ఈ రోజే బల్ల మీద పెట్టాము.

చాల్ కమిటీల సోదరులకు ఒక మాట. డయాలిసిస్ అయి వచ్చిన మనిషికి కళ్ళు తిరుగుతుంటాయి, చూపు మసకగా ఉంటుంది, మన మెట్లేమో నిట్టనిలువు చీకటి. ప్రతి మెట్ల మలుపులో ఒక బల్బు, మెట్ల అంచుకు ఒక తెల్ల గీత, వారంలోగా కావాలి. పెయింటు ఖర్చు యూనియన్ ఇస్తుంది. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళు ఆదివారం పొద్దున ఫైలు, రేషను కార్డు, ఆధార్, పాత ఇ.ఎస్.ఐ. నంబరు ఉంటే అదీ తీసుకుని ఆఫీసుకు రండి. నంబరు పోయినవాళ్ళు పాత పగార్ చీటీ ఏదైనా దొరికితే తెండి, అందులో నంబరు ఉందేమో కూర్చుని వెతుకుదాం.